‘మెదడులో నీరు’ అనగానే తీర్పా?

సంపాదకునికి,

అయ్యా, అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో ‘బిడ్డ మెదడులో నీరు చేరింది’ అనగానే ఇంట్లో సగంమంది ‘తీసేయించండి’ అంటారు. ఎంత చేరిందో మాత్రం అడగరు! మెదడులోని నీటి గదుల వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపుంటే మామూలే. 10-12 మధ్య ఉండి, ఇంకే లోపమూ లేకపోతే నూటికి తొంభైమంది దాకా పిల్లలు అందరిలాగే ఎదుగుతారు. 15 దాటితే సంగతి వేరు. అక్కడ లేనిపోని ఆశ పెట్టకూడదు. 10 దాటినప్పుడు జన్యు లోపాలు చూసే ఉమ్మనీటి పరీక్ష, ఎంఆర్‌ఐ, కొన్ని వారాలకు మళ్లీ స్కాన్ బాగా అక్కరకొస్తాయి. 2021 చట్ట సవరణతో, తీవ్ర లోపముంటే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావానికి వీలుంది. కాబట్టి రాత్రికి రాత్రే తేల్చుకోనక్కర్లేదు. జిల్లా ఆస్పత్రుల్లో ఇవన్నీ తీరిగ్గా చెప్పే కౌన్సెలర్లను నియమించాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం