14 దాటిన పనిపిల్లల గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

చర్చిలో స్త్రీల సమాజం అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే కాదు. వారం మధ్యలో కాలనీల్లో తిరుగుతాం, జబ్బుపడినవాళ్లను పరామర్శిస్తాం, ఇళ్లలోకి వెళ్తాం. అందుకే తనిఖీ అధికారుల కంటపడని పిల్లలు మాకు కనిపిస్తుంటారు.

పద్నాలుగో పదిహేనో ఏళ్ల అమ్మాయి బడి టైములో మాకు మంచినీళ్లు తెచ్చిస్తుంది. గిన్నెల సబ్బుకు వేళ్ల సందుల్లో చర్మం ఊడి ఎర్రగా ఉంటుంది. ఎవరీ పాప అని అడిగితే, "మా ఊరి పిల్లేనండీ, సొంత కూతురిలా చూసుకుంటున్నాం" అంటారు. పాప పడుకునేది వంటింట్లో. జీతం వాళ్ల నాన్నకు ముందే అడ్వాన్సుగా వెళ్లిపోయి ఉంటుంది. అమ్మతో మాట్లాడాలంటే మేడమ్ ఫోన్లోనే, మేడమ్ ఎదుటే, స్పీకర్ పెట్టి మాట్లాడాలి. చెప్పడానికి బాధగా ఉంది, చర్చికి వచ్చే కుటుంబాల్లోనూ ఇలాంటి ఇళ్లున్నాయి. ముందు వాళ్లతోనే మాట్లాడుతున్నాం.

ఈ పిల్లల కోసం మొదట గొంతెత్తినవాళ్లలో ఒక క్రైస్తవ సన్యాసిని, మేము సిస్టర్ అంటాం, ఉన్నారు. బెల్జియం నుంచి 1963లో మన దేశానికి వచ్చిన జీన్ డెవోస్, 1985లో ఇంటిపనివాళ్ల కోసం నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ మూవ్‌మెంట్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఆమెతోపాటు ఎందరో సిస్టర్లు, ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2006 అక్టోబరు 10 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనిలో పెట్టుకోవడంపై నిషేధం వచ్చింది.

అయితే 14 దాటితే? బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14-18 ఏళ్లవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదంది కానీ, గనులు, పేలుడు పదార్థాలు, ఫ్యాక్టరీల గురించి ఆలోచించినట్టు వంటిల్లు గురించి ఆలోచించలేదు. "14 దాటింది కదమ్మా" అన్న మాట దగ్గరే మా ఫిర్యాదులు ఆగిపోతున్నాయి.

దారి లేకపోలేదు. పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు ఎవరినైనా పని పేరుతో కట్టిపడేసినా, వాళ్ల సంపాదన వాళ్లకివ్వకుండా అట్టిపెట్టుకున్నా ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. నేను పైన చెప్పిన పాప కేసు అచ్చంగా ఇదే. కానీ 2021 సవరణతో ఈ నేరం నాన్ కాగ్నిజబుల్ అయింది. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఆ అనుమతి వచ్చేలోపు పాపను రాత్రికి రాత్రే ఊరికి పంపేస్తే కేసేముంటుంది? దీన్ని మార్చమని కేంద్రానికి రాయండి. ఈలోగా అడ్వాన్సు బాకీకి పనిచేస్తున్న పిల్లల విషయంలో 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టాన్ని వాడమని కలెక్టర్లకు చెప్పండి. పాపను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. కనీసం అదైనా ప్రతిసారీ జరగాలి.

తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. బయటికి తెచ్చిన పిల్లను బస్సెక్కించి ఊరికి పంపితే, అప్పు అక్కడే కూర్చుని ఉంటుంది. రెండు నెలలకు ఇంకో ఇంట్లో తేలుతుంది. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఆ రెండూ ఖాయమయ్యాకే పాపను ఇంటికి పంపాలని ఉత్తర్వు ఇవ్వండి.

మాలాంటి వాళ్లు తలుపు తడితే మతం మార్చడానికి వచ్చారేమోనని అనుమానించేవాళ్లున్నారు. ఆ భయం పిల్లకు అడ్డుకాకూడదు. అందుకే మీ శాఖ మనిషి మా పక్కన ఉండాలి. మాతోపాటు వేరే మతాల మహిళా సంఘాలనూ పిలవండి, సంతోషంగా కలిసి పనిచేస్తాం.

తప్పిపోయిన, పనిలో చిక్కుకున్న పిల్లలను వెతికి కాపాడే ఆపరేషన్ ముస్కాన్ ప్రతి జులైలో జరుగుతుంది. ఈసారి ఆ టీములను ఇటుకబట్టీలు, రైల్వే స్టేషన్లతోపాటు అపార్ట్‌మెంట్లకూ పంపండి. వాచ్‌మన్ భార్యను అడిగితే చాలు, ఏ ఫ్లాట్‌లో ఏ పిల్ల ఉందో చెబుతుంది.

ఇట్లు,
హైదరాబాద్‌లోని ఒక చర్చి స్త్రీల సమాజం సభ్యురాలు