పాత యంత్రాల విడిభాగాలకు పారిశ్రామికవాడల్లో ఉమ్మడి ఏర్పాటు కావాలి

సంపాదకులు గారికి,

జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, పరవాడ వంటి పారిశ్రామికవాడల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న చిన్న, మధ్యతరహా కర్మాగారాలకు విద్యుత్, ఆటోమేషన్ విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. దొరికినవాటిలో అసలేదో నకిలీయేదో తేల్చుకోవడం అంతకన్నా కష్టంగా ఉంది. కొత్త పెట్టుబడుల మీద జరిగేంత చర్చ ఈ విషయం మీద జరగడం లేదు కనుక ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్న వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను.

రియాక్టరు, బాయిలరు, ప్యాకింగ్ యంత్రం వంటివి సరిగా చూసుకుంటే పాతిక ముప్పై ఏళ్లు పనిచేస్తాయి. వాటిని నడిపించే పీఎల్‌సీలు (యంత్రాన్ని నియంత్రించే చిన్న కంప్యూటర్లు), డ్రైవ్‌లు (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరాలు), డిస్‌ప్లేలు మాత్రం అంతకాలం మార్కెట్లో ఉండవు. అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీ-5 అమ్మకాలు 2017లో నిలిచిపోయాయి. మన కర్మాగారాల్లో విరివిగా కనిపించే ఎస్7-300 పీఎల్‌సీని సీమెన్స్ కంపెనీ 2023 అక్టోబరు నుంచి ఉపసంహరణ దశలోకి తెచ్చి, 2033 వరకు విడిభాగాలు అందిస్తామని ప్రకటించింది. చాలా గడువుందని యజమానులు అనుకుంటారు గానీ, కొత్త తరం పీఎల్‌సీకి మారాలంటే ప్రోగ్రామును తిరగరాయాలి, వైరింగ్ మార్చాలి, ప్రొఫీబస్ అనే నెట్‌వర్క్ మీద ఉన్న పాత పరికరాలను ఉంచాలో తీసేయాలో తేల్చాలి. ఔషధ కర్మాగారమైతే చేసిన మార్పులను నమోదు చేసే చేంజ్ కంట్రోల్ పత్రాలన్నీ సిద్ధం చేసి, అంతా సరిగా పనిచేస్తోందని నిరూపించే వ్యాలిడేషన్ మళ్లీ చేయించాలి. ఇంత పని ఉందని తెలిసే చాలామంది, యంత్రం ఆగిపోయినప్పుడు చూద్దాంలెమ్మని ఊరుకుంటున్నారు.

తీరా ఆగిపోయిన రోజున ఇండెంట్ (సామాను కొనమని కోరే పత్రం) మీద 'అర్జెంట్' అని రాసి పర్చేజ్ విభాగానికి పంపుతాం. అధీకృత డీలరు వారాల గడువు చెబుతాడు. 2021లో ప్రపంచవ్యాప్తంగా చిప్‌ల కొరత వచ్చినప్పుడైతే ఆ వారాలు నెలలయ్యాయి. అదే సమయంలో రాణిగంజ్‌లోనో, ముంబయి లోహార్ చాల్‌లోనో ఉన్న వ్యాపారి సరుకు తన దగ్గరే ఉందని, రేపు సాయంత్రానికి చేరుస్తానని ఫోనులో చెబుతాడు. రాణిగంజ్ వ్యాపారులందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి దుకాణం తెరిచి సరైన సామాను ఇచ్చి ప్లాంటును నిలబెట్టిన వారు అక్కడ ఉన్నారు. అయితే ఉత్పత్తి ఆగిన ఒత్తిడిలో ఇన్వాయిస్ ఎవరిదో, సీరియల్ నంబరు సరిపోతుందో లేదో అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. నకిలీ సరుకు లోపలికి వచ్చేది ఆ సమయంలోనే. దీనికి మా కర్మాగారాల వైపు నుంచీ ఒక కారణం ఉంది. అధీకృత డీలర్లకు బిల్లులు నెలల తరబడి చెల్లించకపోతే వారు అరువు ఆపేస్తారు. అప్పుడు ఎవరు అరువిస్తే వారి దగ్గర కొనక తప్పదు.

నకిలీ మాట పక్కన పెట్టినా, తక్కువ కొటేషనుకే ఆర్డరు ఇచ్చే పద్ధతి ఎంత ప్రమాదకరమో ఒక కాంటాక్టరును (కాయిల్‌కు కరెంటు ఇస్తే మోటారు వంటి లోడుకు కరెంటు కలిపే స్విచ్) చూస్తే తెలుస్తుంది. దాని లేబుల్ మీద రెండు రేటింగులు ఉంటాయి. హీటర్ల వంటి లోడ్లకు వర్తించేది ఏసీ-1, మోటార్లకు వర్తించేది ఏసీ-3. ఏసీ-1 కింద 32 ఆంపియర్లు ఉన్న కాంటాక్టరు, ఏసీ-3 కింద 18 ఆంపియర్లదే కావచ్చు. 15 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల దగ్గర ఫుల్ లోడులో సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. స్టార్టు అయ్యేటప్పుడు దానికి ఆరేడు రెట్లు తీసుకుంటుంది. ఇండెంటులో '32 ఆంపియర్ల కాంటాక్టరు' అని మాత్రమే ఉంటే, ఏసీ-1 లెక్కన 32 ఉన్న చిన్న కాంటాక్టరు సహజంగానే తక్కువ ధరకు వస్తుంది, ఆర్డరు దానికే వెళుతుంది. కొన్నాళ్లకు కాంటాక్టులు మాడి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు స్టాప్ బటన్ నొక్కినా, కాయిల్‌కు కరెంటు పోయినా మోటారు ఆగదు. మిక్సరు దగ్గరో కన్వేయరు దగ్గరో నిలబడి ఉన్న కార్మికుడికి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. నకిలీ కాంటాక్టరులో వెండి మిశ్రమం ఉండాల్సిన చోట రాగి మీద పలుచటి పూత మాత్రమే ఉంటే ఈ ముప్పు ఇంకా త్వరగా ముంచుకొస్తుంది.

డ్రైవ్‌ల విషయంలో మరో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న డ్రైవ్‌ను 'సీల్ తీయని కొత్త సరుకు' అని అమ్ముతారు. అది అసలైనదే కావచ్చు. కానీ లోపల విద్యుత్తును నిల్వ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కరెంటు లేకుండా ఏడాదికి మించి ఉంటే వాటి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. వోల్టేజిని నెమ్మదిగా పెంచుతూ వాటిని మళ్లీ సిద్ధం చేయాలి. నేరుగా 415 వోల్టులు ఇస్తే పేలిపోయే అవకాశం ఉంది. అందుకే తయారీ తేదీ అడగకుండా డ్రైవ్ కొనకూడదు.

ప్రతి చిన్న కర్మాగారమూ అన్ని రకాల స్పేర్లను తన స్టోర్సులో పెట్టుకోలేదు. కానీ ఒక పారిశ్రామికవాడలోని కర్మాగారాలన్నీ కలిస్తే అది సాధ్యమే. పక్క వీధిలోని కర్మాగారం పాత లైనును తీసేసి, పనిచేసే ఎస్7-300 కార్డులను తుక్కు కింద అమ్మేస్తున్న సమయంలోనే, ఇవతలి వీధిలోని కర్మాగారం అదే కార్డు కోసం ఢిల్లీ, ముంబయి వెతుకుతూ ఉంటుంది. పారిశ్రామికవాడ సంఘం దగ్గర ఒక ఉమ్మడి జాబితా ఉంటే ఈ దుస్థితి ఉండదు. పూర్తి పార్ట్ నంబరు, తయారీ తేదీ, మొదట కొన్న ఇన్వాయిస్, చివరిసారి పరీక్షించిన తేదీ అందులో ఉండాలి. ఇచ్చిపుచ్చుకోవడం నోటిమాట మీద కాకుండా జీఎస్టీ ఇన్వాయిస్ మీదే జరగాలి. తమ యంత్రాల వివరాలు పోటీదారులకు తెలుస్తాయని కొందరు జంకుతున్నారు. యజమాని పేరు సంఘం కార్యాలయానికి మాత్రమే తెలిసేలా నమోదు చేస్తే ఆ భయం అక్కర్లేదు.

పరీక్షించే సౌకర్యం లేకపోతే జాబితా కాగితంగానే మిగులుతుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధి పథకం కింద ఉమ్మడి సౌకర్యాల కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం నిధులు ఇస్తోంది. కాంటాక్టర్లు, బ్రేకర్లు, డ్రైవ్‌లు పరీక్షించే బెంచీని కూడా అటువంటి కేంద్రంలో ఏర్పాటు చేయాలని పరిశ్రమల శాఖ ప్రతిపాదన పంపాలి. బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సీఐటీడీలో మెకట్రానిక్స్ నేర్చుకుంటున్న విద్యార్థులకు అక్కడ శిక్షణ ఇవ్వవచ్చు. తెలంగాణలో పారిశ్రామికవాడల ఆస్తిపన్ను వసూలు చేసే ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన) సంస్థలు, ఆంధ్రప్రదేశ్‌లో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ తమ వంతు నిధులు ఇవ్వాలి.

ఈలోగా పర్చేజ్ విభాగాల్లోని మిత్రులకు ఒక విన్నపం. ఎంసీబీలకు (కరెంటు ఎక్కువైతే ఆపేసే చిన్న బ్రేకర్లకు) ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దాని లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడటం నిమిషాల పని. మోటారు కాంటాక్టరు ఇండెంటులో ఏసీ-3 రేటింగ్, కాయిల్ వోల్టేజి రాయకపోతే దానిని వెనక్కి పంపండి. కొటేషన్లు పోల్చే పట్టికలో ధరకు ముందు పార్ట్ నంబరు గడి పెట్టి, మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకం అయ్యాకే ఆర్డరు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజనీరు,
జీడిమెట్ల, హైదరాబాద్