సహాయ నటుల పేర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పాత హాలీవుడ్ సినిమాల గురించి మన పత్రికల్లో ఏది వచ్చినా హీరో, హీరోయిన్, దర్శకుడు, అంతటితో సరి. ‘కాసాబ్లాంకా’ (1942) అనగానే హంఫ్రీ బోగార్ట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ల ఫొటో వేస్తారు. అందులో పోలీసు అధికారి రెనోగా వేసిన బ్రిటిష్ నటుడు క్లాడ్ రెయిన్స్ పేరు చాలాసార్లు కనబడనే కనబడదు. ఇది అన్యాయం.

ఆ సినిమా చివర్లో రెనో గ్లాసులో నీళ్లు పోసుకుంటూ సీసా మీద ‘విషీ’ అన్న లేబుల్ చూస్తాడు. నాజీలకు తలొగ్గిన ఫ్రెంచి ప్రభుత్వం కొలువున్న ఊరు అది. సీసాను చెత్తబుట్టలో పడేసి, బుట్టను కాలితో తన్నేస్తాడు. అప్పటిదాకా గాలి ఎటు వీస్తే అటు ఒరిగిన మనిషి ఎవరి పక్షాన చేరాడో మనకు తెలిసిపోతుంది. వివరణ అక్కర్లేదు.

ఆ నటన ఊరికే రాలేదు. రెయిన్స్ 1889లో లండన్‌లో పేద ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు ‘ర’ సరిగ్గా పలికేది కాదు, పైగా లండన్ బస్తీల కాక్నీ యాస. పెద్ద నటుడు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ తన డబ్బుతో ఉచ్చారణ నేర్పించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు వల్ల కుడి కంటి చూపు దాదాపుగా పోయింది. తర్వాత లండన్‌లోని రాడా నాటక విద్యాలయంలో తర్వాత గొప్ప నటుడైన జాన్ గిల్‌గుడ్ లాంటివారికి పాఠాలు చెప్పారు. నలభై దాటాక అమెరికాలో చేసిన తొలి చిత్రం ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ (1933)లో ఆయనది కంటికి కనబడని మనిషి పాత్ర, ముఖం చివరి క్షణాల్లోనే కనిపిస్తుంది. అందాకా సినిమాను మోసింది ఆ గొంతే! సహాయ నటుడిగా 4 సార్లు ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు, ఒక్కటీ రాలేదు. అవార్డు రాకపోతే రాకపోయింది, పేరైనా చెప్పుకోవాలి కదా.

1930లలో యూనివర్సల్ సంస్థ చాలా సినిమాల చివర, మంచి నటీనటుల పేర్లు మళ్లీ చెప్పుకోదగ్గవే అంటూ జాబితా రెండోసారి వేసేది. ఇప్పుడు ఓటీటీలో సినిమా అయిందో లేదో, పేర్లు ఓ మూలకు చిన్నబోయి ఇంకో వీడియో మొదలైపోతుంది. చదవాలంటే రిమోట్ కోసం వెతుక్కోవాలి.

మీ సినిమా పేజీలో పాత చిత్రం గురించి రాసినప్పుడల్లా కనీసం నలుగురైదుగురు సహాయ నటుల పేర్లు, వాళ్ల పాత్రలు కూడా వేయండి. ఓటీటీ సంస్థలు పేర్లను చివరిదాకా నడవనిచ్చి, వద్దనుకున్నవాళ్లే బటన్ నొక్కి దాటేసేలా మార్చాలని సంపాదకీయంలో ఒకసారి గట్టిగా అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి