ఇంటి పనులన్నీ ఒక్కరి బుర్రలోనే ఉండాలా?

సంపాదకులకు నమస్కారం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఏఐ గురించి పేపర్లలో చదువుతూనే ఉన్నాను. ఉద్యోగాలు పోతాయంటారు, పిల్లలు హోంవర్కు దాంతోనే రాయించుకుంటున్నారంటారు. ఇల్లు నడిపే ఆడవాళ్లకు అది ఎలా పనికొస్తుందో మాత్రం ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మామయ్యగారికి షుగరు, అత్తయ్యగారికి బీపీ. ఇద్దరు పిల్లలు, కొంచెం కొబ్బరితోట. పైగా నేను డ్వాక్రా గ్రూపు లీడరుని. మామయ్యగారి మాత్రలు ఎప్పటికి అయిపోతాయి, కొబ్బరికాయలు దింపేవాళ్లకు ఎప్పుడు కబురు పెట్టాలి, గ్రూపులో ఎవరి వాయిదా ఆగింది, మన ఇంట్లో పెళ్లికి ఎవరెంత చదివించారు... ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనేనని మన ఇళ్లలో ఎవరూ లెక్కవేయరు. రాత్రి పడుకున్నా ఆ టెన్షన్ వదలదు.

మా అమ్మాయి నా ఫోన్లో ఒక ఏఐ యాప్ పెట్టింది. నాకు టైపు చేయడం నిదానం, అందుకని మైకు నొక్కి తెలుగులోనే మాట్లాడతాను. కూర పొయ్యి మీద ఉండగా, బుర్రలో ఉన్నవన్నీ ఒక వరసంటూ లేకుండా చెప్పేస్తాను. ‘ఈ రోజువి, ఈ వారంవి విడదీసి, ఏ పని ఎవరు చేయొచ్చో పక్కన రాయి’ అంటాను. అది ఇచ్చిన జాబితాను మా అబ్బాయి కాగితం మీదికి ఎక్కించి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాడు. మందులషాపు మావారికి పడింది, గ్యాస్ బుకింగ్ అబ్బాయికి. ఇదివరకు నేను నోటితో చెప్తే సాధింపులా ఉండేది. ఇప్పుడు కాగితం మీద పేరు కనబడేసరికి ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు. నాకు దీనివల్ల వచ్చిన అసలు లాభం ఇదే. దింపు అయ్యాక కాయలు, దింపుకూలి, ఒలుపుకూలి, వ్యాపారి దగ్గర బాకీ చెప్తే పట్టీ కూడా వేసిస్తుంది. కూడిక మాత్రం క్యాలిక్యులేటర్లో సరిచూసుకుంటాను.

దానికి మన ఊరి సంగతులు తెలియవు. వేసవిలో తోటకు తడులు ఎప్పుడెప్పుడు పెట్టాలో అడిగితే మే నెలంతా కాలువ నీళ్లతోనే వేసింది! దాళ్వా, అంటే రెండో పంట వరి, అయ్యాక ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారని చెప్తే గాని మార్చలేదు. తెలియని విషయం కూడా తెలిసినట్టే చెప్తుంది కాబట్టి మాత్రల మోతాదు ఎప్పుడూ అడగను, అది డాక్టరు చీటీలో ఉన్నదే. ఆధార్, బ్యాంకు నంబర్లు, ఓటీపీలు దానికి చెప్పకూడదు. గ్రూపు లెక్క చెప్పేటప్పుడు సభ్యుల పేర్లు కూడా చెప్పను, ఒకటో నంబరు, రెండో నంబరు అంటాను. వాళ్ల అప్పుల సంగతి బయటికి పోవడానికి వీల్లేదు.

2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ వచ్చాక ఫోన్లో ప్రభుత్వ పనులు చేసుకోవచ్చని మా గ్రూపులో చాలామందికి తెలిసింది. కానీ చాలా ఇళ్లలో టచ్ ఫోను మగవాళ్లతో పాటు రొయ్యల చెరువు మీదికి వెళ్లిపోతుంది, ఇంట్లో మిగిలేది బటన్ ఫోనే. ఎవరి బుర్రలో ఇంటి లెక్కంతా ఉందో వాళ్ల చేతిలోనే ఫోను లేకపోతే ఎలా? ఈ మాట మగవాళ్లు కూడా చదవాలనే మీ పేపరుకు రాస్తున్నాను.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. డ్వాక్రా మీటింగులో వాయిదాలు రాసుకున్నాక ఒక గంట ఇది నేర్పించండి. ఉపన్యాసం వద్దు, ఒక్కొక్కరి చేతికీ ఫోను ఇచ్చి వాళ్ల ఇంటి పనులు వాళ్లతోనే చెప్పించండి. ఏం చెప్పకూడదో కూడా అప్పుడే చెప్పండి. మధ్యాహ్నం రెండు దాటాక పెడితే అందరం వంటలు ముగించుకుని రాగలం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా