ఉద్దాల కాడ మామకు ఎదురు ప్రశ్న

మహబూబ్‌నగర్,
కార్తీకం ఆఖరి వారం

అరేయ్ నర్సింలూ,

తిట్టుకో, పడ్త. నీ జాబు వచ్చి ఎన్నాళ్లాయెనో నువ్వు లెక్కబెట్టకు, నేను సాకులు చెప్ప. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి, పత్తి రెండో తీత నడుస్తుంది, చిన్నది తొమ్మిదిల పడ్డది, అచ్చం నీ లెక్కనే ప్రతి మాటకు ఎదురు జెప్తది. ఇంటి ముచ్చట ఒడిసింది. ఇగ అసలు సంగతి చెప్పకుంటే నాకు కడుపుబ్బరమే.

మా మామ కురుమూర్తి జాతరకొచ్చిండు!

ఆయనేరా, ఎర్ర తువ్వాల మామ. అయ్యగారు లేకుంట, దండలు మార్పిచ్చి నా పెండ్లి చేసిన మామ. ఆ పెండ్లిల మంత్రాలకు బదులు నువ్వు మైకుల తుమ్మినవు కదా, మా అత్త ఇప్పటికీ 'శకునం తుమ్ము' అనే యాది జేస్తది. ఎనభైకి దగ్గరబడ్డడు, గుడి గడప తొక్కిన మనిషి కాదు. బిడ్డను చూసిపోదామని వచ్చిండు, మేము బయలెల్లుతుంటే 'జనాన్ని చూడనీకి వస్త, దేవుణ్ణి చూడనీకి కాదు' అనుకుంట బండెక్కిండు. నువ్వు చెరువుగట్టు జాతరకు పోయెటప్పుడు చెప్పిన మాట ఇదే కదరా? నువ్వు చూసిన జనం సంగతి ఇక్కడ రాయను తియ్యి.

మీ నల్లగొండోళ్లకు కురుమూర్తి సంగతి అంతగ తెల్వదు గనుక చెప్తున్న. చిన్నచింతకుంట మండలంల గుట్ట మీద వెంకటేశ్వరుడే. పేదల తిరుపతి అంటరు. దీపావళి దాటినంక జాతర మొదలు, అందుల పెద్ద దినం ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే దేవుని చెప్పులు. వడ్డెమాన్‌ల మాదిగలు ఉపాసముండి, నిష్ఠతోటి కుడ్తరు. డప్పులతోటి ఊరేగించుకుంట గుట్టకు తెస్తరు. ఆడ ఉద్దాలకు పూజ చేసేది గూడ మాదిగ పూజార్లే. వచ్చినోడు ఎంత పెద్ద కులపోడైన ఆ పూజారి ముంగట తలొంచాలె, ఆ చెప్పు తాకిచ్చుకోవాలె.

మేము పెద్ద దినం కాదు, తర్వాత పోయినం. అయినా ఇసుకేస్తే రాలనంత మంది. కింద కొబ్బరి నీళ్లతోటి బండలు జారుతున్నయి. ఉద్దాలు మనసొంటి మనిషి కాలికి పట్టేటివి కావు, కుట్ల సందుల పసుపు కుంకుమ గడ్డ కట్టింది, అగరొత్తుల పొగలగూడ పచ్చితోలు వాసన తెలుస్తుంది. పూజారికి యాభై ఏండ్లుంటయేమో. బొటనవేలు నిండ తోలు కుట్టే ఆరె దిగిన పాత మచ్చలు. మా ముంగట తెల్ల అంగీ, మెడల లావు గొలుసు వేసుకున్న పెద్దమనిషి ఒకడున్నడు. ఏ ఊరోడో రాయను, వాళ్లూర్లె చాయ్ హోటల్ల మొన్న మొన్నటి దాక రెండు రకాల గిలాసలు ఉండె, నేను కండ్లార చూసిన. ఆయన బంగారమసొంటి భక్తితోటి వొంగిండు. పూజారి ఉద్దం ఎత్తి నెత్తికి తాకిచ్చిండు. ఆయన కండ్లల్ల నీళ్లు, నిజంగనే.

మామ ఊకుంటడా? సభల మాట్లాడినట్టు గొంతు లేపిండు: 'అయ్యా, ఈడ చెప్పు నెత్తిన వెట్టించుకుంటివి. ఇంటికి పోయినంక ఈ పూజారిని లోపటికి పిలిచి పక్కన గూసొని అన్నం తింటవా?'

నా పానం గుటుక్కుమన్నది. లైన్ల ఉన్నోళ్లంత ఇటే చూస్తున్నరు. ఆ పెద్దమనిషి ఇననట్టే జరుక్కుంట పోయిండు. పూజారి మాత్రం నవ్విండు. ఉద్దం చేతులనే ఉంది. మామను, ఆ ఎర్ర తువ్వాలను ఒక్కతీరు చూసి, 'పెద్దాయనా, ఆయన సంగతి నాకెర్కనే. నువ్వెప్పుడన్న పిలిచినవా?' అన్నడు.

ఎంత మెత్తగ అన్నడనుకున్నవ్! కోపం లేదు. అడిగి, ఎనకాల ఉన్న పిల్లతల్లి దిక్కు తిరిగిండు, ఆమె బిడ్డ నెత్తికి ఉద్దం తాకిచ్చిండు.

మామ నోట మాట లేదు. చిట్యాల చౌరస్తాల నిన్ను ఒక్క ప్రశ్నతోటి పండవెట్టిన మనిషిరా! తలొంచలె, వెనకకు రాలె, ఆడనే నిలవడ్డడు. నేనే రెక్క వట్టి పక్కకు తీసుకొచ్చిన. చెట్టుకింద అత్త దేవునికి పెట్టే దాసంగం అన్నం వండింది, పచ్చిపులుసు చేసింది. ఎప్పుడు 'ప్రసాదం కాదు, అన్నం' అనుకుంట రెండుసార్లు పెట్టించుకునేటోడు, ఆకుల చెయ్యి వెట్టలె.

తుఫాన్ బండిల తిరిగొస్తుంటే దేవరకద్ర దాటినంక నోరు తెరిచిండు. తన తండ్రి 1944ల భువనగిరి ఆంధ్ర మహాసభకు నడుచుకుంట పోయిన కత నువ్వు ఇన్నదే. ఆ మహాసభనే జనం సంఘం అనేటోళ్లు. సంఘంల అందరు ఒక్కతాన తిన్నరు, వెట్టి ఇడిపించిన్రు. 1952 ఎన్నికల్ల కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నల్లగొండల నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డయని గూడ చెప్పిండు, అదెట్లనో ప్రతి ముచ్చట్ల వస్తది. ఆఖర్ల అన్నడు: 'నాస్తికుల పెద్ద గోరా దేవుడు లేడని చెప్పి ఊకోలె అల్లుడూ. 1948ల, గాంధీ పోయిన కొన్ని దినాలకే, గాంధీ ఆశ్రమం సేవాగ్రాంల బిడ్డను దళిత పిల్లగానికిచ్చి చేసిండు. గాంధీ బతికుంటే ఆ పెండ్లి ఆయన చేతుల మీద్నె అయితుండె. నేనేం జేసిన? జాతకం చూడలె. కులం చూసిన.'

ముంగటి సీట్ల నా పెండ్లాం. 'అంటే నాయినా, ఈయనను కులం చూసి తెచ్చినవా? నేను గుణం చూసి తెచ్చినవనుకున్న' అన్నది. డ్రైవర్‌తో సహా అందరు నవ్విన్రు. మామ నవ్వలె. నేనెట్ల నవ్వాలెనో నాకు తెల్వలె.

నాకు నిద్ర పడ్తలేదురా. హాస్టల్ల మనం రాత్రులు కొట్లాడింది దేవుడు ఉన్నడా లేడా అని. నువ్వు లేడంటివి, పరీక్ష నాడు ఆంజనేయుని బిళ్ల జేబుల పెట్టుకుంటివి, అది వేరే. ఆ కొట్లాటనే తప్పు తాన పెట్టుకున్నమా అనిపిస్తుంది. ఆ గొలుసాయన నెత్తిని మాదిగ చేతి కిందికి ఒంచింది నమ్మకమే గదా, ఏ చట్టం ఒంచలేకపాయె. కని మంటపం దాటంగనే ఆ నమ్మకం ఆడికాడికే. మామ దిక్కు చూస్తే, నమ్మకపోవుడు ఆయనకు జాతకం నుంచి విడుదల ఇచ్చింది, సంబంధం చూసే కాడికి వచ్చేసరికి నాయిన చూసినట్టే చూసిండు. సంఘం జనం గూడ దేవుణ్ణి ఇడిసిపెట్టలేదురా. పెద్దగట్టు లింగమంతుల జాతరకు పోయినోళ్లే దొరల మీదికి లేచిన్రు. వాళ్లకు పోయింది దొర భయం, దేవుని భయం కాదు.

మా అత్తను చూడు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి, కొడుకు పుడితే మొక్కు తీర్చే కందూరు విందు చేసి సైదులు అని పేరు పెట్టింది. నాస్తికుని కొడుకు సైదులు! ఈ సైదులే మొన్న వాని పిల్లగాన్ని బడిల వేస్తున్నడు. 2023ల మన హైకోర్టు పుట్టిన సర్టిఫికెట్ల 'మతం లేదు, కులం లేదు' అని రాసుకునే వీలు పెట్టాలె అన్నది కదా, అది పట్టుకొని మతం కాడ 'లేదు' అని టకటక రాసిండు. కులం కాడికి రాంగనే పెన్ను ఆగింది. స్కాలర్‌షిప్పు ఎట్ల, రేపు నౌకరి ఎట్ల అన్నడు. తప్పు వట్టలేనురా. దేవుడు లేకున్న బతుకొచ్చుగని, సర్టిఫికెట్ లేకుంటే...

ఇంకోటి, అసలైంది. తెల్లారి చాయ్ తాగుకుంట మామ 'ఆ పూజారిది వడ్డెమానేనా? కనుక్కో' అన్నడు. ఎందుకు మామా అంటే చెప్పలె. మాఫీ అడుగుతడా, వాదన మల్ల మొదలు పెడ్తడా? నా అనుమానం రెండోదే. అన్నానికి పిలుస్తడనుకో, ఆయన ఎందుకు రావాలె? ఇన్నేండ్లకు ఒక ముసలాయనకు పంతం పుట్టిందని రావాల్నా? ఇది మామతోటి అనలేదు, నీతోటే అంటున్న. అత్తకు అనుమానమొచ్చింది, 'వాళ్లొస్తే ఏ గిన్నెల...' అని ఆగింది. ఆగి, మామ మొకం చూసి, లోపటికి పోయింది. గిన్నె సంగతి ఇంకా తేలలె.

మామ వాళ్లు ఇప్పుడే నల్లగొండ బస్సుకు బయలెల్లుతున్నరు, ఈ జాబు ఆయన చేతికే ఇస్తున్న, కవరు రెండుసార్లు అతికిచ్చిన. నీ కాడికి వస్తే చిట్యాల ముచ్చట తియ్యకు, ఇప్పుడు ఆయన పానం బాగలేదు. లేదు, తియ్యి, తీస్తేనే మాట్లాడ్తడు. ఆటో హారన్ కొట్టవట్టె. చెల్లెను అడిగినని చెప్పు. ఆ ఐదొందల సంగతి మల్ల జాబుల

నీ,
రెండో నంబరు రూమోడు