వేసిన రోడ్డు మళ్లీ ఎందుకు తవ్వామంటే

ఒరేయ్ మామా,

సంక్రాంతికి వచ్చి వెళ్లేటప్పుడు బస్టాండులో నువ్వన్న మాటకి మునిసిపల్ ఇంజినీరుగా అక్కడే జవాబు చెబుదామనుకున్నా, బస్సు కదిలిపోయింది. "కొత్త సిమెంటు రోడ్డు వేసి ఏడాది తిరక్కుండానే తవ్వి పోశారు, మీ మునిసిపాలిటీలో బుర్రున్నవాడు ఒక్కడూ లేడా?" అన్నావు. ఫోన్లో చెప్పబోతే నువ్వు మధ్యలో దూరి జోకులేస్తావు. ఇవాళ ఆదివారం, ఇంట్లో వాళ్లంతా పెళ్లికెళ్లారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, నువ్వూ అలాగే చదువు.

ముందు డబ్బు సంగతి. మునిసిపాలిటీకి డబ్బంతా ఒక్క సంచిలో వస్తుందని నువ్వే కాదు, చాలామంది అనుకుంటారు. ఇంటి పన్ను, నీటి పన్ను, షాపు గదుల అద్దెలు కలిపి జనరల్ ఫండు. అందులో సగం పైనే జీతాలకీ, పంపుల కరెంటు బిల్లుకీ పోతుంది. ఇక కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి మనలాంటి పట్టణాలకి పెట్టిన లెక్క ఏమిటంటే, వచ్చే దాంట్లో 40 శాతమే మన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు. 30 శాతం తాగునీటికీ, 30 శాతం పారిశుద్ధ్యానికీ ముందే కట్టేసి ఇచ్చారు. నీళ్ల డబ్బుతో రోడ్డు వేస్తే ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాస్తారు, దానికి రిటైరయ్యాక కూడా సమాధానం చెప్పుకోవాలి. మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలో జీలకర్ర పడితే ఎంత గొడవ చేసేదో గుర్తుందా, అంతకన్నా పెద్ద గొడవ.

ఇప్పుడు మీ వీధి కథ. 2015లో పట్టణాల్లో తాగునీళ్లు, మురుగునీటి పనుల కోసం కేంద్రం అమృత్ పథకం తెచ్చినప్పుడు చాలావరకు లక్ష జనాభా దాటిన ఊళ్లకే ఇచ్చారు. మన ఊరు లక్షకి కాస్త ఇవతల ఆగిపోయింది కాబట్టి లేదు. లక్షలోపు ఊళ్ల కోసం రాష్ట్రం 2018లో ఏఐఐబీ అనే ఆసియా దేశాల బ్యాంకు నుంచి అప్పు తెచ్చింది, ఆ పనులు నత్తనడక నడిచాయి. 2021 అక్టోబర్ 1న అమృత్ 2.0 అన్నారు, ఈసారి చిన్న పట్టణాలన్నీ ఉన్నాయి. సరే, పైపులైన్లకి డీపీఆర్, అంటే పని వివరాలు, ఖర్చు అంచనాల రిపోర్టు రాశాం, పంపాం. అది పైకి వెళ్లి, ప్రశ్నలతో కిందికొచ్చి, మళ్లీ పైకి వెళ్లి, టెండరు పిలిస్తే ఎవరూ రాక, మళ్లీ పిలిచి... ఈలోగా మీ కౌన్సిలర్ ఊరుకుంటాడా? వీధిలో మోకాలి లోతు గుంతలు. జనరల్ ఫండులో రోడ్డుకి డబ్బుంది, మార్చి 31 దగ్గర పడుతోంది. "పైపులైను వచ్చేదాకా ఆగితే మంచిది" అని ఫైల్లో నోటు పెట్టాం. ఆ పైపులైను ఎప్పుడొస్తుంది అని కౌన్సిల్లో అడిగితే మా దగ్గర తేదీ లేదు. తేదీ చెప్పలేనివాడి మాట ఎవడు వింటాడు? రోడ్డు పడింది. పది నెలలకి పైపులైను అగ్రిమెంటు అయింది. మిగతాది నువ్వు చూశావు.

కాబట్టి మామా, బుర్ర లేక కాదు. నా సర్వీసులో నాకు అర్థమైంది ఒకటే. చిన్న ఊళ్లో పని చేయడం పెద్ద విషయం కాదు, ఏ పని ముందు ఏది వెనక అన్నదే అసలు ఉద్యోగం. పైపు, తర్వాత డ్రెయిను, ఆ తర్వాత రోడ్డు. ఈ వరుస పదో క్లాసు పిల్లాడికి కూడా తెలుసు. డబ్బులు వచ్చే వరుస మాత్రం ఎప్పుడూ ఇంకోలా ఉంటుంది. పైగా ఊరి మెయిన్ రోడ్డు మాది కాదు, ఆర్ అండ్ బీది, అంటే రాష్ట్ర రోడ్లు భవనాల శాఖది. తవ్వాలంటే వాళ్లకి ముందుగా డిపాజిట్ కట్టాలి. పట్టాల కింద నుంచి పైపు తీసుకెళ్లాలంటే రైల్వే అనుమతి కావాలి. ఆ ఫైలు గురించి రాయడం మొదలుపెడితే ఈ ఉత్తరం ఉగాదికి కూడా పూర్తి కాదు.

తవ్వడం మొదలుపెట్టాక ఇంకో తమాషా. భూమిలో ఏముందో మాకు మ్యాపు లేదు. ఉన్న మ్యాపు అల్లా మా సీనియర్ ఫిట్టర్ తలకాయలో ఉంది. మీ వీధి మొగలో జేసీబీ దించబోతుంటే ఆయన వచ్చి, "సార్, ఇక్కడొద్దు, రెండు మూరలు తూర్పుకి జరగండి, కింద పాత ఆస్‌బెస్టాస్ పైపుంది, తగిలితే పగిలిపోద్ది" అన్నాడు. చేత్తో తవ్వించి చూస్తే సరిగ్గా అక్కడే ఉంది. లీకు పట్టడంలో కూడా అంతే. తెల్లవారుజామున, లారీల మోత లేనప్పుడు, ఆయన ఇనుప గుణపం తెచ్చి ఒక కొస వాల్వు మీద ఆనిస్తాడు, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటాడు. కాసేపు కళ్లు మూసుకుంటాడు. తర్వాత ఇంకో వాల్వు దగ్గరికి నడుస్తాడు. ఎక్కడ సన్నగా సుయ్‌మని వినిపిస్తే అక్కడ సున్నంతో గీత గీస్తాడు. నన్ను కూడా వినమన్నాడొకసారి, నాకు వినిపించింది నా గుండె చప్పుడే. ఆయన వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాడు. అందుకని వార్డు సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీ పిల్లల్ని ఇద్దరిని ఆయన వెంట తిప్పుతున్నా. ఆయన చూపిస్తాడు, వాళ్లు ఫోన్లో జీపీఎస్ పాయింటు కొట్టి ఫొటో తీస్తారు. మొదట్లో ఆ పిల్లలు మొహాలు ముడుచుకున్నారు, బీటెక్ చదివింది ఫిట్టర్ వెనక తిరగడానికా అని. ఇప్పుడు పోటీపడి తిరుగుతున్నారు.

అసలు ఆ రోడ్డు తవ్వకపోతే ఏమయ్యేదో కూడా చెప్పనీ. మీ వీధిలో ఇంటింటికీ వెళ్లే కొళాయి పైపులు చాలావరకు సైడు డ్రెయిన్లోంచి వెళ్తున్నాయి. పాత జీఐ (ఇనుప) పైపులు, తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. మన ఊళ్లో నీళ్లు వదిలేది పొద్దున గంట, సాయంత్రం గంట. నీళ్లున్నప్పుడు పైపులో ప్రెషరు ఉంటుంది, చిల్లులోంచి నీళ్లు బయటికి పోతాయి, నష్టం అంతే. నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు డ్రెయిన్లో మురుగు అదే చిల్లులోంచి లోపలికి వస్తుంది. దానికి తోడు నీళ్లు అందడం లేదని జనం కొళాయికి మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడికి మురుగు ఇంకా తొందరగా వస్తుంది. మర్నాడు మొదటి బిందె పట్టేది ఎవరింట్లోనో. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం వచ్చి మనుషులు పోయింది ఇలాంటి కలుషితమైన నీళ్ల వల్లే. ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ విరేచనాలు అన్న మాట ఏ వార్డు నుంచి వచ్చినా నాకు నిద్ర పట్టదు. చిట్టచివరి ఇంటి కొళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి క్లోరిన్ ఉందో లేదో చూపించే ఆర్థోటాలిడిన్ మందు చుక్కలు వేస్తే పసుపు రంగులోకి మారాలి. మీ వీధి చివర ఒకసారి వేస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, రంగే రాలేదు. నువ్వు రోడ్డు పోయిందంటావు, నేనేమో ఆ గొట్టం చూసి టెన్షన్‌తో చచ్చాను. ఇప్పుడు ఇళ్లకెళ్లే ఆ సర్వీసు పైపులన్నీ డ్రెయిన్‌కి పైనుంచి, కొత్త హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వేయిస్తున్నాం. ప్రెషరు పెట్టి టెస్టు చేసి లీకులు లేవని తేలేదాకా పైన కాంక్రీటు వేయనివ్వడం లేదు. కాంట్రాక్టరు తొందరపడుతున్నాడు, పడనీ.

వేసవి గొడవ వేరే. కాలవలు కట్టేస్తే మనకి దిక్కు సమ్మర్ స్టోరేజి చెరువే. మనిషికి రోజుకి 135 లీటర్లన్నది పుస్తకం లెక్క. లక్ష మందికి అది కోటీ 35 లక్షల లీటర్లు. అరవై రోజులు కాలవ రాకపోతే 81 కోట్ల లీటర్లు చెరువులో ఉండాలి, ఎండకి ఆవిరయ్యేది అదనం. మన చెరువుకి అంత కడుపు లేదు. అందుకే మేలో రోజు మార్చి రోజు నీళ్లు.

నీకు రోడ్డు పిచ్చి కదా, నాణ్యత గురించి కూడా అడిగావు. నిజం చెప్తా. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర ఇంజినీరు నిలబడి ఉండగా ఒక రకంగా, టీకి వెళ్లొచ్చేలోగా ఇంకో రకంగా ఉంటుంది. సిమెంటు తగ్గించడం పాత మోసం, ఇప్పుడు అంతగా లేదు. అసలు శత్రువు నీళ్ల బకెట్టు. మాలు గట్టిగా ఉంటే పరచడం కష్టం, అందుకని మేస్త్రీ ఇంకో బకెట్టు పోస్తాడు. సాఫీగా జారుతుంది, పని తొందరగా అవుతుంది, కాంక్రీటు బలం మాత్రం పోతుంది. అందుకే పదిహేను సెంటీమీటర్ల క్యూబులు పోయించి 28 రోజులు నీళ్లలో ఉంచి మిషన్లో పెట్టి నొక్కుతాం. ఎం20 అనే రకం కాంక్రీటు అయితే ఆ చిన్న ముక్క దాదాపు 46 టన్నుల బరువుకి తట్టుకోవాలి. ఇక్కడ ఇంకో తిరకాసుంది. క్యూబుకి పోసే మాలు వేరు, రోడ్డుకి పోసేది వేరు కావచ్చు. అందుకని ఏ ట్రిప్పులోంచి క్యూబు తీయాలో నేనే అప్పటికప్పుడు చెప్తా, అనుమానం వస్తే రోడ్డుకే కోర్ కటింగ్ చేయిస్తా, అంటే రోడ్డులోంచే ముక్క తొలిపించి చూస్తా. కాంట్రాక్టర్లని మాత్రమే తిడితే అన్యాయం. అంచనా కన్నా 20 శాతం తక్కువకి టెండరు వేసి, పని చేసి, బిల్లు కోసం నెలల తరబడి మా ఆఫీసు బెంచీ మీద కూర్చునేవాళ్లు కూడా వాళ్లే. ఆ మధ్య ఒక కల్వర్టుకి మూడుసార్లు టెండరు పిలిచినా ఒక్కడూ రాలేదంటే ఊరికే కాదు.

ఇంకో పాపం కూడా జరుగుతోంది. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది వేస్తారు. ప్రతిసారీ ఆరంగుళాలు లేస్తుంది. పెద్ద బజారులో పాత ఇళ్ల గడపలు చూడు, ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం, ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగాలి. వాన పడితే నీళ్లు నేరుగా హాల్లోకి. మీ వీధిలో ఈసారి పాతది పూర్తిగా లేపి పాత లెవెల్‌కే వేస్తున్నాం. ఖర్చు ఎక్కువని కౌన్సిల్లో గొణిగారు. గొణిగినా ఒప్పుకున్నారు, అది చాలు.

డ్రెయిన్ల గురించి చెప్పి ఆపేస్తా. మనది డెల్టా, నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. వెయ్యికి ఒకటి వాలు ఇస్తే అర కిలోమీటరు పోయేసరికి డ్రెయిను అర మీటరు లోతు దిగాలి. ఆ చివర కలిసే మేజర్ డ్రెయిను ఇరిగేషన్ వాళ్లది, దాన్నిండా గుర్రపుడెక్క. వాళ్ల నీటిమట్టం మా డ్రెయిను అడుగుకన్నా పైనుంటే నీళ్లు ఎదురు తంతాయి. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు అన్ని మునిసిపాలిటీల నుంచీ మనుషుల్ని పిలిచారు, నన్నూ వేశారు. సింగ్‌నగర్‌లో ఫైరింజన్లు పెట్టి ఇళ్లల్లో బురద కడిగాం. ఒక ఇంట్లో ఫ్రిజ్ మంచం మీద ఎక్కి పడుకుని ఉంది. బయటికి లాగిన బురద వేయడానికి వీధి డ్రెయిను వెతికితే కనపడలేదు, దాని మీద వరసగా ర్యాంపులు, మెట్లు, ఒక చోట ఏకంగా కిళ్లీకొట్టు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఊళ్లో ర్యాంపుల మీద పడ్డాను. తిట్లు బాగానే తింటున్నా.

ఇక అసలు పని. మీ ఇంటి ముందు బాబాయ్ కట్టించిన ర్యాంపు ఉందే, నాపరాళ్లు పరిచి ముగ్గు కోసం చుట్టూ అరుగు కూడా కట్టించారు, అది డ్రెయిను మీద నాలుగడుగులు ముందుకొచ్చింది. కింద పూడిక తియ్యడానికి పార కాదు కదా, చెయ్యి కూడా దూరదు. నోటీసు ఇవ్వాల్సింది నేనే. చిన్నప్పుడు వాళ్లింట్లో అన్నం తిని ఇప్పుడు నోటీసు అతికించాలంటే నాకు చెయ్యి రావడం లేదు. పిన్ని సరే అంది. బాబాయ్ మాత్రం "ముందు చైర్మన్ ఇంటి ముందుది తీసి రా" అన్నారు. దానిలో న్యాయం ఉంది కాబట్టి మొన్న గురువారం అదే ముందు తీయించాను, ఫొటో ఈ ఉత్తరంతో పెడుతున్నా. బాబాయ్‌కి చూపించు. తీసేశాక స్కూటర్ ఎక్కడానికి తీసి పెట్టుకునే ఇనుప జాలీ ర్యాంపు చేయించుకోమను, వెల్డింగ్ షాపు అబ్బాయి కొలతలు తీసుకెళ్లాడు కూడా. వచ్చే బుధవారం మీ వరసలో జేసీబీ వస్తుంది. మంగళవారం రాత్రిలోగా ఫోన్ చేసి బాబాయ్‌ని ఒప్పించు. నువ్వు చెప్తే వింటారు, నేను చెప్తే "నువ్వా, నిన్న మొన్నటిదాకా నిక్కర్లేసుకున్నావు" అంటున్నారు.

ఉంటా మరి. పిల్లలకి ముద్దులు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
డ్రైనేజీ డీఈ