నీలగిరి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: ఊటీ కథ సలివన్‌తో మొదలు కాలేదు

నీలగిరి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే ఊటీకి పరుగెత్తే తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. అక్కడ మాకు వినిపించే కథ ఎప్పుడూ ఒకటే: కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ 1819లో కొండెక్కారు, స్టోన్ హౌస్ కట్టారు, వాగుకు కట్ట వేయించి చెరువు చేశారు. నిజమే. కానీ ఆ పచ్చిక బయళ్లు అప్పటికే ఖాళీగా లేవు కదండీ! ఆ కొండల్లో తరతరాలుగా ఉంటున్న జనాల్లో తోడాలు గేదెలు మేపుకునేవారు, బడగలు సాగు చేసేవారు, కోటాలు కుండలూ ఇనుప పనిముట్లూ చేసిచ్చేవారు. 1603లోనే ఫెనీసియో అనే జెస్యూట్ పాదిరీ తోడాలను కలిసి వాళ్ల గురించి రాశారు.

తోడాల ఇల్లు చూస్తే కళ్లు తిప్పుకోలేం. సగానికి కోసిన పీపాలా వంపు తిరిగిన గడ్డి కప్పు, కింద పాకుతూ దూరాల్సినంత చిన్న గుమ్మం. అలాంటి పల్లెల చుట్టూ ఉన్న మేత భూములే తర్వాత తేయాకు, యూకలిప్టస్ తోటలయ్యాయి. తోడాల భూమి హక్కుల కోసం సలివన్ తన పై అధికారులతో వాదించారు. ఈ మాట కూడా జనానికి తెలియాలి.

బ్రిటిష్ వారి కాలంలో వేసవిలో మద్రాసు ప్రభుత్వం ఊటీ నుంచే నడిచేది. మా కోస్తా, సీమ జిల్లాలూ అప్పుడు ఆ పాలనలోనే ఉండేవి. అందుకే చొరవగా అడుగుతున్నాను. స్టోన్ హౌస్ దగ్గర, చెరువు గట్టున ఈ చరిత్రంతా తెలుగుతో సహా దక్షిణాది భాషలన్నిటిలో బోర్డులు పెట్టించండి. వాటి మీద ఏం రాయాలో ముందుగా ఆ కొండల్లోని తోడా, కోటా, బడగ, ఇరుళ, కురుంబ సముదాయాల పెద్దలను అడగండి.